స్టీరింగ్‌ పట్టే ముందు.. లెక్క పట్టు!

* బెంగళూరు లారీ కొలువుల్లో చెప్పే అంకె వేరు.. చేతికొచ్చేది వేరు
* సరిహద్దు పల్లెల డ్రైవర్లూ.. అడగాల్సినవి ముందే అడగండి

బెంగళూరు: 'ఎంత ఇస్తారంట అన్నా?' యశ్వంతపురంలోని దేవరాజ్‌ అరసు ట్రక్‌ టెర్మినల్‌ దగ్గర ఇద్దరు తెలుగు డ్రైవర్లు కలిస్తే మొదట వచ్చే ప్రశ్న ఇదే. హిందూపురం, మడకశిర, పలమనేరు, మదనపల్లె వైపు హెవీ లైసెన్సు చేతికొచ్చిన కుర్రాడి చూపు ముందుగా పడేది బెంగళూరు మీదే. హిందూపురం నుంచి వంద కిలోమీటర్ల దారి. కలాసిపాళ్యం పార్శిల్‌ ఆఫీసులు, నెలమంగల, హోస్కోట గోదాములు.. అడిగితే ఏదో ఒక చోట బండి దొరుకుతుంది. దొరకడం కష్టం కాదు. రెండు మూడు కంపెనీలు రమ్మంటే ఏది ఎక్కాలన్నదే అసలు తంటా.

అంకె వెనక ఏముంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక కంపెనీ ఢిల్లీ లైనుకు 'నెలకు 35 వేలు' అంటోంది. ఇంకోటి చెన్నై లైనుకు 24 వేలే అంటోంది. ఎవరైనా మొదటిదే ఎక్కుతారు. కాస్త ఆగి విడగొట్టి చూడండి. ఆ 35 వేలలో జీతం 12 వేలు. మిగతా 23 వేలు రెండు ట్రిప్పుల డబ్బు, బత్తాతో కలిపి. దారిలో తిండీ అందులోదే. రిటర్న్‌ లోడు దొరక్క బండి వారం నిలబడితే ఒకే ట్రిప్పు. అప్పుడు వచ్చేది 23,500.

డీజిల్‌ లెక్క ఇంకోటి ఉంది. ఢిల్లీ పోయి రావడం సుమారు 4,300 కిలోమీటర్లు. లీటరుకు 4.2 కిలోమీటర్లు రావాలని కంపెనీ కట్టడి పెట్టిందనుకుందాం. ఘాట్లు, ట్రాఫిక్‌, ఎక్కువ లోడు.. బండి ఇచ్చింది 4 మాత్రమే. ఒక్క ట్రిప్పులో 51 లీటర్లు తేడా. లీటరు 90 రూపాయలు వేసుకున్నా 4,600 డ్రైవరు నెత్తిన పడుతుంది. ట్రిప్పు తగ్గిన నెలలో మిగిలేది 18,900. రెండు ట్రిప్పులూ దొరికిన మంచి నెలలో కూడా 25,800.

చెన్నై లైను సంగతి చూద్దాం. మూల జీతం 15 వేలు అనుకుంటే పీఎఫ్‌ కింద 12 శాతం, అంటే 1,800 పోయి చేతికి 22,200 వస్తుంది. కంపెనీ కూడా మరో 1,800 కడుతుంది. ఆ 3,600 ఎక్కడికీ పోదు, డ్రైవరు పేరు మీదే పీఎఫ్‌, పింఛను కింద జమవుతుంది. చిన్న అంకె అనుకున్నదే చాలా నెలల్లో పెద్దదవుతుంది.

తొందర ఎవరిది?

జీతం కంటే ముందు అడగాల్సింది ఒకటుంది. లోడు ఎన్ని రోజుల్లో చేరాలి? బెంగళూరు నుంచి ఢిల్లీకి 2,150 కిలోమీటర్లకు పైనే. ఈ-వే బిల్లు లెక్కలో మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. అంటే 11 రోజులు. కంపెనీ మాత్రం మూడో రోజుకే దింపమంటే? రోజుకు 717 కిలోమీటర్లు. గంటకు సగటున 45 చొప్పున పోయినా 16 గంటలు సీటు మీదే. తొందర చట్టానిది కాదు, కంపెనీది.

2025 నవంబరులో కొత్త కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని, వారానికి 48 గంటలు అంది. దూరప్రయాణాలకు కొంత సడలింపు ఇచ్చింది గానీ 16 గంటలకు కాదు. కాబట్టి 'రెండో డ్రైవరు ఉంటాడా?' అని అడగండి. 'క్లీనర్‌ ఉన్నాడు కదా' అన్నారంటే జవాబు దొరికినట్టే. కునుకు పట్టిన ఒక్క క్షణానికి 35 వేలు ఏ లెక్కలోకీ రావు.

డ్రైవర్లను దారి మధ్యలో మార్చే పద్ధతీ మన దేశంలో వచ్చింది. 2014లో మొదలైన రివిగో కంపెనీ బండిని ఆపకుండా డ్రైవర్లను మారుస్తూ, వాళ్లను తొందరగా ఇంటికి చేర్చే పద్ధతి తెచ్చింది. అదే కంపెనీ 2022లో తన ఎక్స్‌ప్రెస్‌ వ్యాపారాన్ని మహీంద్రా లాజిస్టిక్స్‌కు అమ్మేసింది. కంపెనీలు చేతులు మారుతుంటాయి. పీఎఫ్‌ నంబరు మాత్రం మనతోనే వస్తుంది. అందుకే దాన్ని వదులుకోకూడదు.

కాగితం ఉందా?

చాలామంది మాట మీదే బండెక్కుతారు. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 10 మంది, అంతకన్నా ఎక్కువ పనివాళ్లున్న సంస్థ నియామక పత్రం ఇవ్వాలి. అడిగితే మొహమాటమేం లేదు. ఒరిజినల్‌ లైసెన్సు ఆఫీసులో పెట్టమంటే మాత్రం ఒప్పుకోవద్దు. అది మీ బతుకుతెరువు.

బండినీ చూడండి. 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్‌ తప్పనిసరి. పాత బండ్లకు ఆ నిబంధన లేదు. కాబట్టి 'ఏ బండి ఇస్తారు, ఏ సంవత్సరానిది?' అన్నది కూడా జీతంలో భాగమే.

అన్నీ కాగితం మీద తేలవు. నాలుగు లారీలున్న చిన్న ఓనరు పీఎఫ్‌ కట్టకపోవచ్చు. కానీ చెల్లెలి పెళ్లికి అడ్వాన్సు ఇచ్చేదీ, ఆస్పత్రికి రాత్రికి రాత్రి డబ్బు పంపేదీ ఆయనే కావచ్చు. అప్పు తీర్చాల్సిన పాతికేళ్ల కుర్రాడికి రెండేళ్లు ఢిల్లీ లైను తప్పు కాదు. బడికి పోయే బిడ్డలున్నవాడికి లెక్క వేరు.

చేరే ముందు అడగండి

* జీతం ఎంత, ట్రిప్పు డబ్బు ఎంత? బండి నిలబడిన రోజుకు హాల్టింగ్‌ ఇస్తారా?
* డీజిల్‌ తగ్గితే, సరుకు తగ్గితే ఎవరు కట్టాలి?
* రెండో డ్రైవరు ఉంటాడా?
* పీఎఫ్‌, ఈఎస్‌ఐ, ప్రమాద బీమా ఉన్నాయా?
* చలానా పడితే ఎవరి ఖాతా?

వీటితో పాటు ఆ కంపెనీలో ఇప్పటికే తోలుతున్న డ్రైవరును ఒకరిని టీ కొట్టు దగ్గర పట్టుకోండి. మేనేజరు చెప్పనిది ఆయన చెబుతాడు. ఈసారి 'ఎంత ఇస్తారంట అన్నా?' అని కాదు.. 'ఎన్ని రోజులకోసారి ఇంటికి పంపుతారన్నా?' అని అడగండి.