వెంట్రుక మందం మొన

నేల మీద పడిన పాత వాచీలో చాలాసార్లు విరిగేది ఒకే ఒక్క వస్తువు. బ్యాలెన్స్ చక్రానికి నడుమ నిలబడి ఉండే ఇరుసు. మెకానిక్కులు దాన్ని బ్యాలెన్స్ స్టాఫ్ అంటారు. పొడవు మూడు నాలుగు మిల్లీమీటర్లు. రెండు చివరలా మొనలు మిల్లీమీటరులో పదో వంతుకు సన్నబడి ఉంటాయి. తలవెంట్రుక కంటే కాస్త లావు, అంతే. పాత తరహా వాచీలో ఆ రెండు మొనల మీదే చక్రం సెకనుకు ఐదు ఊపులు ఊగుతుంది. రోజుకు 4,32,000 ఊపులు. ఒక్క మొన విరిగితే చాలు, ముళ్లు, డయలు, స్ప్రింగు అన్నీ భేషుగ్గా ఉన్నా ఆ వాచీ కదలదు.

కొత్త ఇరుసు కొట్లో దొరికితే మంచి పనివాడు దాన్ని ఆ రోజే బిగించి ఇచ్చేస్తాడు. దొరక్కపోతే? మరో చచ్చిన వాచీ పొట్ట విప్పి అందులోది తీయాలి, లేదా కొత్తది తానే చేసుకోవాలి. ఈ రెండో దారి ఎంత కష్టమో, ఎంత చవకైన సరంజామాతో సాధ్యమో చెప్పడానికే ఈ కథనం. దానికి రంగూన్ కంటే తగిన ఊరు నాకు తోచలేదు.

ఇప్పుడది యాంగోన్. మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల పాతతరం నోట రంగం. ఊరి నడిబొడ్డున సూలే పగోడా, దాని చుట్టూ మహాబందూలా రోడ్డు, అనోరథా రోడ్డు, వాటిని అడ్డంగా కోసే సన్నటి నెంబరు వీధులు. ఈ వీధుల పేవ్‌మెంట్ల మీద చిన్న అద్దాల పెట్టె ముందు పెట్టుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని వాచీలు బాగుచేసేవాళ్లు కూర్చుంటారు. అద్దం వెనుక బెల్టులు, గాజులు, విప్పేసిన పాత మెషిన్లు. ఒకప్పుడు మన ఊళ్ల బస్టాండ్ల పక్కన కనిపించిన దృశ్యమే.

ఆ ఊరు మనకు పరాయిది కాదు. కోరంగి, కాకినాడ, భీమిలి, విశాఖ, కళింగపట్నం రేవుల నుంచి మనవాళ్లు ఓడలెక్కి వెళ్లి అక్కడి రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువాళ్లు లక్షన్నర దాటి ఉన్నారు. అంతకు ముందు ఏడాది మే నెలలోనే రేవు కూలీల సమ్మె ఘర్షణగా మారి తెలుగు కూలీల రక్తం రంగూన్ వీధుల్లో పారింది. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు ఊరి మీద బాంబులు వేశాయి. లక్షలాది భారతీయులు అడవులు, కొండలు దాటి నడిచి వచ్చారు. వచ్చినవారి కంటే దారిలో రాలిపోయినవారి కథలే మన ఇళ్లలో ఎక్కువ చెప్పుకున్నారు. జపాను ఏలుబడిలో రంగూన్ గడియారాలను టోక్యో సమయానికి తిప్పారు. యుద్ధం ముగిశాక మళ్లీ వెనక్కి తిప్పారు. ఇవాళ అక్కడి సమయం మనకంటే సరిగ్గా గంట ముందు.

వాచీల సంగతికి అసలైన మలుపు 1962. ఆ ఏడాది మార్చిలో జనరల్ నె విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. రెండేళ్లలో దుకాణాలన్నీ జాతీయం అయ్యాయి. బోర్డుల మీద యజమానుల పేర్లు పోయి ప్రజా దుకాణం ఫలానా నెంబరు అని వచ్చాయి. తరతరాలుగా అక్కడే బతికిన భారతీయులు కొద్దిపాటి డబ్బుతో ఓడలెక్కారు. విశాఖలో బర్మా క్యాంపు, మద్రాసు బీచ్ స్టేషను ఎదుట 1969లో మొదలైన బర్మా బజారు ఆ తిరుగు ప్రయాణపు గుర్తులే. విచిత్రం ఏమిటంటే, ఆ బజారులో విదేశీ వాచీలు కుప్పలుగా అమ్ముడవుతున్న కాలంలోనే వాళ్లు విడిచి వచ్చిన దేశంలో దిగుమతులు సర్కారు గుప్పిట్లో బిగుసుకుపోయాయి. వస్తువు పాడైతే మార్చడం అనేది లేదు, బాగుచేయడమే. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం వదిలేసిన షెవ్రొలే ట్రక్కులను బస్సులుగా మార్చి దశాబ్దాల తరబడి రంగూన్ రోడ్ల మీద నడిపారంటే ఆ ఊరి మెకానిక్కుల మొండితనం ఊహించుకోండి. ట్రక్కు గేరు చేసుకోగలిగినవాడికీ వాచీ ఇరుసు చేసుకోవాల్సినవాడికీ ఇబ్బంది ఒకటే. కొలత మాత్రమే వేరు.

లేతు అనగానే మనకు ఆటోనగర్ షెడ్లలో ఇనుప కడ్డీలు చెక్కే భారీ యంత్రం కళ్ల ముందు మెదులుతుంది. వాచీ లేతు జానెడు ఉంటుంది. జర్మనీలో బోలె, లోర్చ్ కంపెనీలవీ, అమెరికాలో వాల్తామ్ ఊరిలో తయారైనవీ పేరెన్నిక గన్నవి. వాటిలో పనిముక్కను పట్టే చిన్న చీలిక గొట్టాలుంటాయి, కోలెట్లు అంటారు. ఒక్కో మందానికి ఒక్కోటి కావాలి. పూర్తి సెట్టు ఖరీదు పేవ్‌మెంట్ మీద కూర్చునేవాడికి అందేది కాదు. అందుకే సొంత లేతు. రెండు కొయ్యలమధ్య ఉక్కు కుదురు, పక్కన పాత కుట్టు మిషను మోటారు, కాలి కింద దాని పెడలు. పెడలు నెమ్మదిగా తొక్కితే నెమ్మదిగా, గట్టిగా తొక్కితే వేగంగా తిరుగుతుంది కాబట్టి ఆ మోటారు ఈ పనికి భలే కుదురుతుంది. కరెంటు లేకపోతే చేతిచక్రం.

ఇంట్లో చేసిన లేతు మీద మిల్లీమీటరులో వందో వంతు కొలత నిలుస్తుందా? నిలుస్తుంది. దాని వెనుక ఉన్న తర్కం నాకు ఈ విద్య మొత్తంలో అన్నిటికంటే అందంగా తోస్తుంది.

స్విట్జర్లాండ్ జూరా కొండల్లో రైతులు చలికాలం పొలం పని లేనప్పుడు ఇళ్లలో కూర్చుని వాచీ భాగాలు చేసేవారు. వాళ్ల లేతులో తిరిగే భాగమే ఉండదు. ఎదురెదురుగా రెండు స్థిరమైన మొనలు, వాటి మధ్య ఉక్కు ముక్క, దానికి తగిలించిన చిన్న కప్పీ, కప్పీకి చుట్టిన గుర్రపు వెంట్రుక, ఆ వెంట్రుకను బిగించిన విల్లు. ఎడమ చేత్తో విల్లు లాగితే ముక్క తిరుగుతుంది, కుడి చేతిలో ఉలి కోస్తుంది. విల్లు వెనక్కి వెళ్లేటప్పుడు ఉలిని రవ్వంత ఎడంగా పట్టాలి. లేతు తిరగదు, ఇరుసే తిరుగుతుంది. బేరింగు అరిగింది, కుదురు ఊగుతోంది అనే బాధే లేదు. పనిముక్క తన కొనల మీద తానే తిరుగుతున్నప్పుడు తప్పు రావడానికి చోటెక్కడిది? విల్లుతో తిప్పే లేతు బర్మాకూ కొత్తది కాదు. బగాన్ లక్కపెట్టెల పనివాళ్లు ఒక చేత్తో విల్లు లాగుతూ పెట్టెలకు మెరుగు పెట్టిన దేశం అది.

మోటారు లేతుకు మరో చిట్కా ఉంది. కుదురు చివర ఇత్తడి దిమ్మ బిగించి, దాన్ని తిప్పుతూనే మధ్యలో శంఖు ఆకారపు గుంట కోస్తారు. ఆ గుంట ఏ కుదురు మీద పుట్టిందో ఆ కుదురు మీదే పనిచేస్తుంది కాబట్టి దాని కేంద్రం తప్పే అవకాశం లేదు. దిమ్మను స్పిరిటు దీపంతో వేడిచేసి గుంటలో లక్క కరిగిస్తారు, ఇరుసును అందులో నిలబెట్టి, లక్క మెత్తగా ఉండగానే పుల్లతో సరిచేస్తూ తిప్పుతారు. చల్లారితే ముక్క బిగుసుకుపోతుంది. కోలెట్ల సెట్టు చేసే పని పిడికెడు లక్క చేసేస్తుంది. ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మను లేతు మీద తిప్పుతూ రంగు పట్టించే లక్క కూడా ఇదే జాతి, పురుగు ఇచ్చే లక్క. బగాన్‌ది మాత్రం చెట్టు పాలు.

ఇక అసలు పని. ముందు విరిగిన ఇరుసును చక్రం నుంచి విడదీయాలి. తొందరపడి సుత్తితో కొట్టి దించితే చక్రం మధ్య రంధ్రం పెద్దదైపోతుంది, ఆ తర్వాత బ్రహ్మ కూడా దాన్ని బాగుచేయలేడు. రివెట్టు పట్టిన అంచును లేతు మీద కోసేసి, ఇరుసు దానంతట అది ఊడిపడేలా చేయాలి. ఆ తర్వాత కొలతలు. పాత ముక్క రెండు భాగాలూ దొరికితే అదృష్టం. లేకపోతే మొనలు తిరిగే పైరాయికీ కిందిరాయికీ మధ్య ఉన్న ఎడాన్ని కొలిచి మొత్తం పొడవు లెక్కకట్టాలి.

ఉక్కు సంగతి. కుట్టు మిషను సూది వెనుక భాగం దాదాపు రెండు మిల్లీమీటర్ల మందం, మంచి కార్బన్ ఉక్కు. ఇరుసుకు సరిపోతుంది. అలాంటి ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గాజంత గట్టిపడుతుంది, గాజులాగే పుటుక్కుమంటుంది. అందుకని మళ్లీ పైపొర మెరిసేలా రుద్ది, ఇత్తడి రజను పోసిన పళ్లెంలో పెట్టి కింద దీపం వెలిగిస్తారు. ఉక్కు ముందు గడ్డి రంగుకు, తర్వాత గోధుమ రంగుకు, ఊదాకు, చివరకు నీలానికి తిరుగుతుంది. దాదాపు 300 డిగ్రీల దగ్గర ఆ నీలం వస్తుంది. నీలం కనిపించిన క్షణం తీసేయాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే ఆ నీలం వెలిసిపోయి బూడిదరంగు వస్తుంది, ఉక్కు మెత్తబడుతుంది. థర్మామీటరు లేని చోట రంగే థర్మామీటరు.

నీలి ఉక్కును గ్రేవర్ అనే సన్నటి ఉలితో చెక్కుతారు. మొదట మెట్లు: చక్రం కూర్చునే గద్దె, దాని పైన హెయిర్ స్ప్రింగ్ బిగిసే చోటు. రివెట్టు అంచు కింద చిన్న గాడి. ఆఖరున మొన. మొన దగ్గరికి వచ్చేసరికి ఉలి బరువు కూడా ఎక్కువే అనిపిస్తుంది. ఒత్తిడి పెంచితే తెగిపోతుంది, అప్పటిదాకా చేసిందంతా పోతుంది. మొదటి ఇరుసులు ఎవరివైనా ఇక్కడే తెగుతాయి. మొన కొలతకు రాకముందే, ఇంకో వందో వంతు మిగిలి ఉండగా, ఉలి పక్కన పెట్టి గట్టి ఉక్కు పలకతో రుద్దుతారు. ఇది కోయడం కాదు, లోహాన్ని అదమడం. పైపొర అణిగి గట్టిపడి అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపు అలంకారం కాదు. గరుకు మొన రాయిలో తిరిగితే ఎక్కువ కాలం నిలవదు.

సరిపోయిందో లేదో చూసే పరీక్ష నాకు ఎంతో ఇష్టం. కొత్త మొనను నిలువుగా పట్టుకుని దాని మీద కెంపు రాయిని టోపీలా పెడతారు. రాయి నిటారుగా నిలబడితే మొన లావు. ఎడాపెడా వాలిపోతే సన్నం. కొద్దిగా, చూసీ చూడనట్టు ఒక పక్కకు ఒరిగితే సరి.

ఆ కెంపు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. కెంపులకు ప్రపంచంలోనే పేరుపడ్డ మొగోక్ గనులు బర్మాలోనే ఉన్నాయి. 1704లో లండన్‌లో నికోలస్ ఫాషియో తన మిత్రులతో కలిసి రాళ్లకు రంధ్రం చేసి వాచీల్లో వాడటానికి పేటెంటు తీసుకున్నప్పుడు అవి నిజమైన రత్నాలే. 1902లో ఫ్రాన్సు శాస్త్రవేత్త వెర్నోయ్ మంటలో కెంపును పుట్టించే పద్ధతి బయటపెట్టాక వాచీల్లోకి కృత్రిమ కెంపులే వచ్చాయి. డయలు మీద 17 జ్యువెల్స్ అని చదివి మురిసిపోతాం కానీ అందులో గనిది ఒక్కటీ ఉండదు. అయినా రాయి రాయే, దాని గట్టితనంలో తేడా లేదు.

1930ల్లో ఇంకాబ్లాక్ అనే స్ప్రింగు రాళ్లు వచ్చాయి. దెబ్బ తగిలితే రాయే కాస్త కదిలి మొనను కాపాడుతుంది. మన దేశంలో పేరున్న వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ తన సవార్ ప్రైమాలో దాన్ని తొలినాళ్లలోనే అమర్చింది. దాంతో ఇరుసులు విరగడం తగ్గింది, ఇరుసులు చేసే చేతులూ తగ్గాయి. 1969 డిసెంబరు 25న సీకో క్వార్ట్జ్ వాచీ వచ్చాక ఆ తగ్గుదల ఇంకా వేగంగా సాగింది.

ఇప్పుడు కొరత మళ్లీ మొదలైంది. ఈసారి పేద దేశాల్లోనే కాదు. ప్రపంచంలోనే పెద్ద వాచీ కంపెనీల్లో ఒకటైన స్వాచ్ గ్రూప్ 2016 జనవరి నుంచి హోల్‌సేల్ వ్యాపారులకు విడిభాగాలు సరఫరా చేయడం ఆపేసింది. స్వతంత్ర మెకానిక్కు లండన్‌లో ఉన్నా భాగం కొనలేని పరిస్థితి. అదే 2016లో మన కేంద్ర ప్రభుత్వం హెచ్.ఎం.టి. వాచీల కంపెనీ మూసివేతకు ఆమోదం తెలిపింది. సీకో సాంకేతిక సహకారంతో వాచీలు చేసిన హైదరాబాద్ ఆల్విన్ అంతకు ఎంతో ముందే కనుమరుగైంది. మీ ఇంటి బీరువాలో తాతగారి జనతా వాచీ ఉంటే దాని ఇరుసు కోసం ఇకపై పాత నిల్వలు వెతకాలి, లేదా రంగూన్ దారి పట్టాలి. కంపెనీ అమ్మిన వస్తువును బాగుచేసుకునే హక్కు కొన్నవాడిదే అని నా నమ్మకం. ఆ హక్కు చట్టం నుంచి వచ్చేదాకా ఆగకుండా జానెడు లేతు నుంచే రాబట్టుకుంటున్నవాళ్లంటే నాకు గౌరవం.

యాంగోన్‌లో 2021 ఫిబ్రవరి సైనిక తిరుగుబాటు తర్వాత పాత రోజులు మళ్లీ తొంగిచూస్తున్నాయి. 2022 ఏప్రిల్‌లో అక్కడి కేంద్ర బ్యాంకు విదేశీ కరెన్సీని క్యాట్లలోకి మార్చాల్సిందేనని ఆదేశించింది. డాలరు దొరకడం కష్టమైంది. కరెంటు కొన్ని గంటలే వస్తోంది. మోటారు లేతు మూగబోయే వేళ విల్లు లేతు పనిచేస్తుంది.

మన ఐ.టి.ఐ.లలో టర్నర్ ట్రేడు ఉంది. ఆ కుర్రాళ్లకు ఉలి పదును, ఉక్కు గుణం, కొలత మీద పట్టు ముందే వస్తాయి. వాళ్లకు కావలసింది కొలత తగ్గించుకోవడమే. మొదటి పాఠంగా ఇరుసు వద్దు. వాచీకి కీ ఇచ్చే కడ్డీతో, అంటే స్టెమ్‌తో మొదలుపెట్టాలి. అది వాచీ భాగాల్లో కాస్త లావైనది. ఒక చివర కీ గుండీకి సరిపడే మర కోయాలి, నడుమ నలుపలకల గద్దె ఆకురాయితో చేయాలి, ఇంకో చివర గుండ్రటి మొన. నలుపలకలూ సమానంగా వచ్చాయంటే క్లచ్ చక్రం దాని మీద రాపిడి లేకుండా జారుతుంది. జారకపోతే ఏ పక్క ఎంత రాయాలో ఆకురాయి పట్టిన వేలికే ముందు తెలుస్తుంది.