మూసిన తలుపుల యెదుట



"ఆడపిల్లకు లా చదువెందుకు, అయ్యగారూ?" అని గ్రామ సంఘములలో కొందరు తల్లిదండ్రులు మమ్మును అడుగుచుందురు. అట్టివారికి అమెరికా దేశపు నల్లజాతి విశ్వాసురాలు పౌలీ ముర్రే సంగతి చెప్పగోరుచున్నాము.

ఆమె 1910లో జన్మించెను. మూడేండ్ల ప్రాయమున తల్లి చనిపోగా, ఉత్తర కరోలినాలో బడిపంతులమ్మయైన పెద్దమ్మ ఆమెను పెంచెను. 1933లో న్యూయార్కులో డిగ్రీ ముగించి, 1938లో తాను పెరిగిన రాష్ట్రపు విశ్వవిద్యాలయమునకు దరఖాస్తు పెట్టగా, నల్లవారిని చేర్చుకొనమని త్రిప్పి పంపిరి. పట్టు విడువక హోవర్డ్ విశ్వవిద్యాలయములో లా చదివి, 1944లో తరగతికే ప్రథమురాలాయెను. హార్వర్డు తలుపు తట్టగా ఈసారి స్త్రీ అని నిరాకరించిరి. కాలిఫోర్నియాకు వెళ్లి 1945లో మాస్టర్ డిగ్రీ పొందెను.

ఆ దినములలో మెథడిస్టు స్త్రీల సమాజమువారికి ఒక చిక్కు వచ్చెను. వారిలో నల్లవారు, తెల్లవారు ఇరువురును ఉండిరి. ఏ రాష్ట్రములో వారిని వేరుచేయునది చట్టము, ఎక్కడ అది వట్టి ఆచారము? ఇది తెలిసికొను పనిని ముర్రేకు అప్పగించిరి. ఆమె ప్రతి రాష్ట్రపు చట్టములను వెదకి 746 పుటల గ్రంథము సిద్ధపరచగా, 1951లో ఆ స్త్రీలే దానిని ప్రచురించిరి. బడులలో వర్ణభేదము చెల్లదని 1954లో సుప్రీంకోర్టు తీర్పు సాధించిన న్యాయవాది థర్‌గుడ్ మార్షల్ దానిని తమ వంటివారికి బైబిలు అని పిలిచెను.

అంతటితో ఆమె చదువు ఆగలేదు. జాతి సంక్షోభపు మూలములపై పరిశోధన చేసి, 1965లో, 54 ఏండ్ల వయస్సున, యేల్ విశ్వవిద్యాలయములో న్యాయశాస్త్ర డాక్టరేటు పొందెను. అక్కడ ఆ పట్టా అందుకొనిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమెయే. 1977లో ఎపిస్కోపల్ సభలో గురువుగా అభిషేకము పొంది, చాపెల్ హిల్ పట్టణపు దేవాలయములో తన మొదటి ప్రభురాత్రి భోజన సంస్కారమును జరిగించెను. ఒకప్పుడు ఆమె అమ్మమ్మ బానిస పిల్లగా బాప్తిస్మము పొందినది అక్కడనే. 1938లో ఆమెను త్రిప్పి పంపిన విశ్వవిద్యాలయమును ఆ ఊరిదే.

లూకా సువార్త 18వ అధ్యాయములో న్యాయాధిపతిని విడువని విధవరాలిని మనమెరుగుదుము. అయితే ముర్రే వెనుక ఒక స్త్రీల సమాజము నిలిచినదని మరువకుడి. మన తల్లులు పిడికెడు బియ్యము కూడబెట్టి గుడులు కట్టించిరి. ఆ పిడికిలితోనే ఈ సంవత్సరము ఒక బీద బిడ్డ కాలేజీ ఫీజు కట్టలేమా? ఆలోచించుడి.