మీకు తెలుసా? బాస్ చేపకు ఉప్పు ఎర

• అమెరికాలో బాస్ చేపల వేటకు వాడే ప్లాస్టిక్ వానపాము వంటింట్లో పుట్టింది. 1949లో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్‌లో నిక్ క్రీమ్ ఇంటి పొయ్యి మీదే వినైల్ కాచి, అచ్చులో పోసి తయారుచేశారు.

• చేప బెదిరి ఎర ముట్టని రోజుల్లో సన్నని దారం, చిన్న గాలం, చిన్న ఎరతో నిదానంగా వేటాడతారు. ఇదే ఫినెస్ ఫిషింగ్.

• గ్యారీ యమమోటో తెచ్చిన ‘సెన్కో’ ఎర చూడ్డానికి ఉత్త పుల్ల. కానీ ఒంటినిండా ఉప్పే! ఆ బరువుతో సీసం గుండు లేకుండానే మునుగుతుంది. గాలాన్ని నడుముకు గుచ్చి వదిలితే రెండు కొసలూ వణుకుతూ దిగుతుంది. దిగుతుండగానే చేప అందుకుంటుంది. లోపమల్లా ఒకటే, తొందరగా చిరిగిపోతుంది.

• జీ-మ్యాన్ కంపెనీ ‘ఎలాజ్‌టెక్’ ఎరలు ఇందుకు పూర్తిగా వేరు. ఇవి రబ్బరులా సాగుతాయి, ఓ పట్టాన తెగవు, నీటిపై తేలతాయి. పుట్టగొడుగు ఆకారపు చిన్న గుండుకు తగిలిస్తే, గుండు అడుగున ఆనగానే తోక నిటారుగా లేస్తుంది. అడుగున మేత వెతికే చేపకు అది ఇట్టే కనిపిస్తుంది. కాన్సస్ రచయిత నెడ్ కేడీ పేరు మీద ఈ అమరికను ‘నెడ్ రిగ్’ అంటారు.

• ఎరను అడుగుకు కాస్త పైన, ఒకేచోట ఆడించాలంటే ‘డ్రాప్ షాట్’ మేలు. ఇందులో గుండు దారం చివర, గాలం దానికి పైన ఉంటాయి.

• జాగ్రత్త! ఎలాజ్‌టెక్ ఎరలను మామూలు ప్లాస్టిక్ ఎరలతో ఒకే డబ్బాలో పెట్టకండి. రెండూ కరిగి ముద్దవుతాయి.