పదకొండు నెలల కాగితం

హైదరాబాద్‌లో టూలెట్ బోర్డు చూసి, ఇల్లు నచ్చి, అడ్వాన్స్ ఇచ్చాక వెళ్లేది జిరాక్స్ షాపుకే. అక్కడి కంప్యూటర్లో అగ్రిమెంటు నమూనా సిద్ధంగా ఉంటుంది. పేర్లు, ఫ్లాట్ నంబరు, అద్దె మార్చి వంద రూపాయల స్టాంపు పేపరు మీద ప్రింటు తీసిస్తారు. గడువు ఎంతని ఎవరూ అడగరు. పదకొండు నెలలే. ఎందుకంటే, "ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి కదండీ" అంటాడు షాపతను. ఓనరు గారూ అదే అంటారు.

ఈ మాట ఢిల్లీలో నిజం. మన దగ్గర కాదు.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దాన్ని తప్పించుకోవడానికి పుట్టిందే పదకొండు నెలల లెక్క. అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో ఆ సెక్షన్‌ను సవరించింది. ఏడాది అన్న మాటే తీసేసి, స్థిరాస్తి లీజు ఏదైనా సరే రిజిస్టరు కావాల్సిందేనంది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అదే అమలు. రాష్ట్రం విడిపోయాకా ఆ సవరణ రెండు వైపులా నిలిచింది. పాతికేళ్లుగా మనం పక్కింటి తాళంచెవితో మన తాళం తీయబోతున్నామన్నమాట. నోటరీ ముద్ర కొట్టిస్తే సరిపోతుందనుకునేవాళ్లూ ఉన్నారు. నోటరీ వేరు, సబ్ రిజిస్ట్రార్ వేరు.

అలాగని ఆ కాగితం చిత్తుకాగితమేమీ కాదు. మీరు ఇంట్లోకి అద్దెదారుగానే వచ్చారు, దౌర్జన్యంగా చొరబడలేదు అని చెప్పడానికి కోర్టులో పనికొస్తుంది. కానీ అందులోని షరతులను నిరూపించడానికి పనికిరాదు. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, నాలుగో నెలలో ఓనరు గారి అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడు, ఖాళీ చేయండి అన్నారనుకోండి. "పదకొండు నెలలని రాసుకున్నాం కదండీ" అని మీరు కాగితం చూపిస్తారు. రిజిస్టరు కాని కాగితంలోని గడువును కోర్టు లెక్కలోకి తీసుకోదు. అప్పుడు మీది నెలనెలా సాగే అద్దె కింద లెక్క. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసుతో దాన్ని ముగించవచ్చు. ఇదే కత్తి రెండో వైపూ తెగుతుంది. "ఆరు నెలల్లోపు వెళ్లిపోతే అడ్వాన్స్ తిరిగి ఇవ్వం" అని రాయించుకున్న ఓనరుకీ ఆ గీత ఆసరా ఇవ్వదు.

ఇంకో తమాషా ఉంది. ఏడాదికి మించని లీజును కాగితమే లేకుండా, నోటిమాట మీద తాళాలు చేతికిచ్చినా చట్టం ఒప్పుకుంటుంది. సంతకాలు పెట్టి, డబ్బు ఖర్చు చేసి రాయించుకున్నదానికి మాత్రం రిజిస్ట్రేషన్ అడుగుతుంది.

నోటీసు గడువు ముగిసిందని ఓనరు వచ్చి సామాను మెట్ల మీద పడేయకూడదు. మీరు కదలకపోతే ఆయన కోర్టుకు వెళ్లాల్సిందే. బలవంతంగా గెంటేస్తే, ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి కోరవచ్చు.

మరి అద్దె నియంత్రణ చట్టం ఏమైనట్టు? 1960 నాటి ఆ చట్టం తెలంగాణలో ఇప్పటికీ ఉంది. అకారణంగా ఖాళీ చేయించకూడదు, నీళ్లు, కరెంటు ఆపకూడదు, అద్దె తీసుకోనంటే కంట్రోలర్ దగ్గర జమ చేసుకోవచ్చు అంటూ అద్దెదారు పక్షాన చాలానే చెబుతుంది. కానీ 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు అది వర్తించదు. ఆ అద్దెకు ఇవాళ నగరంలో ఒక్క గదైనా వస్తుందా? చట్టం పుస్తకంలో ఉంది, అద్దెదారులు దాని బయట ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ 2017లో తన సొంత అద్దె చట్టం చేసుకుంది. ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలల అద్దెకు మించకూడదన్న 2021 నాటి కేంద్రం నమూనా చట్టం ఉత్త నమూనాయే. రాష్ట్రం తనకు తానుగా చట్టం చేస్తే తప్ప దానికి బలం లేదు.

పదకొండు నెలలకోసారి కాగితం మార్చకపోతే, పన్నెండేళ్లకు అద్దెదారు ఇల్లు కాజేస్తాడన్న భయం ఓనర్లలో గట్టిగా ఉంది. అద్దెదారుగా అడుగుపెట్టినవాడు ఆ ఇంట్లో ఉంటూ ఓనరుకు హక్కే లేదని వాదించడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. నిండా పదమూడేళ్లున్నా అద్దెదారు అద్దెదారే.

ఒకే ఇంట్లో నాలుగేళ్లుండాలనుకునేవాళ్లు ఖర్చుకు వెనుకాడకుండా రిజిస్ట్రేషన్ చేయించుకోవడమే మంచిదని నా అభిప్రాయం. అంత ఓపిక లేనివాళ్లు అద్దె, అడ్వాన్స్ రెండూ బ్యాంకు ద్వారానే పంపాలి. దిగిన రోజే గోడలు, కుళాయిలు, స్విచ్ బోర్డులు ఫోటోలు తీసి ఓనరు గారికి వాట్సాప్ చేయాలి. ఎందుకంటే చివరికి గొడవ వచ్చేది పెయింటింగ్ దగ్గరే. ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ అంటుంది. వాడకంతో సహజంగా వచ్చే అరుగుదలను మాత్రం అదే సెక్షన్ మినహాయించింది. పిల్లాడు గోడ మీద గీసిన క్రేయాన్ బొమ్మ అరుగుదల కిందికి వస్తుందా అన్నది మాత్రం మీరూ మీరూ తేల్చుకోవాల్సిందే.