నిప్పుంటే పొగ ఉండి తీరాలా?

నిప్పు లేనిదే పొగ రాదంటారు. దాన్ని తిరగేసి, నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందంటే తప్పు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన ‘తర్కసంగ్రహం’లో ఈ పొరపాటును హేత్వాభాసాల్లో, అంటే హేతుదోషాల్లో, చేర్చాడు. నిప్పుకు పచ్చి కట్టె తోడైతేనే పొగ పుడుతుంది. వాదనలో ఇలా చెప్పకుండా దాగిన షరతును ‘ఉపాధి’ అన్నారు.

ఇలాంటి పొరపాట్లు మనమూ చేస్తాం. జలుబు చేసిన మూడో రోజు మందుల షాపులో యాంటీబయాటిక్ కొని మింగుతాం. వారం తిరిగేసరికి తగ్గుతుంది. ‘ఆ మాత్రే పనిచేసింది’ అంటాం. మామూలు జలుబు తెచ్చేది వైరస్. యాంటీబయాటిక్ దాన్నేమీ చేయలేదు. మాత్ర వేసుకోకపోయినా వారం పది రోజుల్లో జలుబు తగ్గేదే. ముందు జరిగిందల్లా కారణమైపోదు.

‘మా తాత చుట్ట కాలుస్తూనే తొంభై ఏళ్లు బతికాడు’ అన్నది ఇంకో వాదన. పొగతాగే ప్రతివాడూ తొందరగా పోతాడని ఏ డాక్టరూ అనలేదు. ముప్పు పెరుగుతుందన్నారు, అంతే. అనని మాటను ఖండించి గెలిచామనుకోవడం ఇది. బ్రిటన్‌లో పరిశోధకులు రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1951లో వేలాది డాక్టర్ల మీద పరిశీలన మొదలుపెట్టారు. అది యాభై ఏళ్లు సాగింది. సిగరెట్ మానని మగవాళ్లు, అసలు ముట్టనివాళ్ల కంటే సగటున పదేళ్లు ముందే చనిపోయారు.

గణాంక శాస్త్ర దిగ్గజం ఆర్.ఎ. ఫిషర్ మాత్రం సిగరెట్ వల్లే ఊపిరితిత్తుల కేన్సర్ అంటే ఒప్పుకోలేదు. పొగతాగే అలవాటుకూ కేన్సర్‌కూ ఒకే జన్యువు మూలం కావచ్చన్నాడు. అంటే ఉపాధి ఉందేమో చూడమన్నాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆయన పొగాకు కంపెనీలకు సలహాదారు. అంతమాత్రాన వాదన తప్పని తేల్చేస్తే అదీ తర్కదోషమే. 1959లో గణాంకవేత్త జెరోమ్ కార్న్‌ఫీల్డ్, సహచరులు లెక్కతో జవాబిచ్చారు: పొగతాగేవాళ్లకు ఆ కేన్సర్ ముప్పు తొమ్మిది రెట్లుంటే, ఆ జన్యువు కూడా వాళ్లలో కనీసం తొమ్మిది రెట్లు ఎక్కువగా కనిపించాలి. అలాంటి జన్యువేదీ దొరకలేదు.

వాదన ఎవరిదని చూడకండి, దానికి ఆధారమేమిటో అడగండి. మనకు నచ్చిన వాదననైతే మరీ గట్టిగా నిలదీయండి. డాక్టర్ రాయకుండా యాంటీబయాటిక్ కొనకండి. తాతగారి ఆయుష్షు చూసి చుట్ట ముట్టించకండి.