ఏబదియైదవ యేట విరామము: మా యింటి లెక్క



ఉపాధ్యాయుని యింట ధనమును గూర్చి ముచ్చటించుట మర్యాద కాదని మా పెద్దలు తలంచెడివారు. సరస్వతి యున్న చోట లక్ష్మి నిలువదను మాట వినుచునే మేమును పెరిగితిమి. అయినను నిరుడు మా యింటివారి కంఠము రెండు నెలలు బొంగురువోయెను. దినమునకు ఏడు పీరియడ్లు ఎలుగెత్తి పాఠము చెప్పుట యిట్లే సాగినచో గొంతు నిలువదని వైద్యులు చెప్పిరి. అప్పుడు మర్యాదను ప్రక్కకు నెట్టి లెక్కల పుస్తకమును ముందిడుకొనక తప్పినది కాదు. వారికిప్పుడు 41 ఏండ్లు. 55వ యేట బడి విడువవలెనని వారి కోరిక. అది తీరునా తీరదా యని మేము వేసికొన్న లెక్కను మీ ముందుంచుచున్నారము. మావంటి ప్రైవేటు బడి పంతుళ్ల యిండ్లు ఈ నాచారము, ఉప్పలు, హబ్సిగూడ ప్రాంతములలో కొల్లలు గదా.

ప్రభుత్వపు బడులలోని వారి సంగతి వేఱు. తెలంగాణమున వారి విరమణ వయస్సును 2021లో 58 నుండి 61కి పెంచిరి. 2004 సెప్టెంబరు 1వ తేదికి పూర్వము చేరినవారికి పాత పింఛను కలదు. తరువాత చేరినవారు తమ జీతమునుండి నూటికి 10 చొప్పున పింఛను నిధికి చెల్లించుచున్నారు. ప్రైవేటు పంతులునకు ఆ పాటి యాధారమును లేదు. బడి విడిచిన మఱునాడు పాల వానికి డబ్బెట్లు చెల్లింపవలెనో తానే చూచుకొనవలెను. నిజము చెప్పవలెనన్న, ఆయన యిల్లాలు చూచుకొనవలెను.

ఇది క్రొత్త బాధ్యత యేమియు గాదు. అరణ్యపర్వశేషమున ద్రౌపది సత్యభామతో సంభాషించుచు, పాండవుల ఆయవ్యయములు సమస్తమును తానొక్కతెయే యెఱుగుదునని చెప్పినది. ఎఱ్ఱాప్రెగ్గడగారి యా ఘట్టమును చిన్ననాట మా తండ్రిగారి యొద్ద చదువునప్పుడు దానిని పతివ్రతాధర్మముగనే గ్రహించితిమి. ఇప్పుడు మఱల చదివినప్పుడు కోశాధ్యక్షురాలి మాటవలె వినబడినది. సభాపర్వమున నారదుడు ధర్మరాజు నడిగిన కుశలప్రశ్నలలోను, వ్యయము ఆదాయములో నాలవ పాలో, మూడవ పాలో, సగమో కాని అంతకు మించకున్నదా యను ప్రశ్న యొకటి కలదు. మా యింట వ్యయము ఆఱింట అయిదు పాళ్లు. నారదుడు మా గడపకు రాకుండుటయే మేలు!

ఇక లెక్కలోనికి వత్తము. జీతము 20,500 రూపాయలు. భవిష్యనిధికి 1,800, ఈ.యస్.ఐ.కి నూటికి ముప్పాతిక చొప్పున పోగా చేతికి 18,550 వచ్చును. సాయంకాలపు ట్యూషన్ల వలన 8,500. మేము వీథి పిల్లలకు పద్యములు, వ్యాకరణము చెప్పుట వలన 3,000. వెరసి ముప్పదివేలకు చేరును. వ్యయము 25,000. మిగిలినదానిలో 2,000 పండుగలకు, చుట్టములకు, అనుకొనని అవసరములకు విడిచి 3,000 పోస్టాఫీసులోని పబ్లిక్ ప్రావిడెంటు ఫండున వేయుచున్నారము. ఆ ఖాతా నిరుడు తెరచితిమి. దానికి 15 ఏండ్ల గడువు. 2020 ఏప్రిలునుండి దాని వడ్డీ నూటికి 7.1గా నున్నది.

ఈ మూడువేలును ఒక్కమారుగ వచ్చినది కాదు. 2023 డిసెంబరు 9వ తేదినుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఛార్జి లేకుండుట మీకు తెలిసినదే. ఆనాటినుండి సికింద్రాబాదు వెళ్లి వచ్చినప్పుడెల్ల పూర్వమిచ్చుచుండిన ఛార్జిని ఇంటికి వచ్చినంతనే డబ్బాలో వేయుచుంటిమి. నెలకు మున్నూఱు రూపాయలవఱకు చేరినది. మా యత్తగారు దానిని చూచి, కండక్టరు నీకు మాత్రము టిక్కెట్టు కొట్టుచున్నాడా యని పరిహసించిరి. చిన్న మొత్తములని నవ్వువారు నెల్లూరు జిల్లాను తలచుకొనవలెను. 1992లో దూబగుంట స్త్రీలు సారాపై కదలిన పిదప ఆ జిల్లా యాడువారు దినమునకొక రూపాయి చొప్పున కూడబెట్టి, దానికి పొదుపులక్ష్మి యని పేరిడిరి. సారాకు పోవుచుండిన డబ్బు కన్నుల యెదుట నిలిచినది. ఎక్కడికి పోవుచుండెనో తెలిసిన రూపాయి పట్టుబడును, తెలియనిది పట్టుబడదు.

మా రూపాయలును ఒకమారు పట్టుదప్పినవి. మా వీథిలో చీటీలు నడపిన యొకామె యొద్ద నెలకు 2,000 చొప్పున ఇరువది నెలలు కట్టితిమి. ఆమె ఒక రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెడలిపోయెను. 1982 నాటి చిట్టు ఫండుల చట్టము ననుసరించి రిజిష్టరైన చీటీకి కాగితముండును. మేము కట్టినదానికి ఆమె చిఱునవ్వే కాగితము. ఆ 40,000 పోయినప్పుడు మా యింటివారు మమ్మొక్క మాటయు ననలేదు. అనినచో సులభముగా నుండెడిది.

ఇప్పుడు అసలు ప్రశ్న. పదునాలుగేండ్ల పిదప నెలకెంత కావలెను? నేటి యిరువదియైదు వేలలో పిల్లల ఫీజులు, పుస్తకములు 4,500, వారి బడి రాకపోకలు, బట్టలు 1,500 అప్పటికుండవు. మిగిలినది 19,000. అందు ఇంటి యద్దె 9,000; బియ్యము మొదలు పాలవఱకు 6,500; కరెంటు, గ్యాసు, ఫోను 1,700; మందులు, తక్కినవి 1,800. ధరలు ఏటికి నూటికి 6 చొప్పున పెరిగినచో 12 ఏండ్లకు రెట్టింపగును. 14 ఏండ్లకు నేటి 19,000 సుమారు 43,000 అగును. ఈ యంకెను వ్రాసి చాలసేపు దానివైపే చూచుచుంటిమి.

ఎదుటి పుటలో రాబడి వ్రాసితిమి. మూడువేలను పెంచక యిట్లే వేయుచుండినచో పోస్టాఫీసులో ఎనిమిదిన్నర లక్షలు మాత్రమే యగును. ఏటేట నూటికి పది చొప్పున పెంచుచు పోయినచో సుమారు 15 లక్షలు. అనగా కడపటి యేట నెలకు సుమారు 10,400 వేయవలెను! పిల్లల చదువు ముగిసినగాని యది పొసగదు. అబ్బాయి కళాశాల ఫీజు దానిని మ్రింగివేయునేమోయను భయము నేటికిని కలదు. భవిష్యనిధిలో ఇప్పటికి 2 లక్షలున్నవి. నెలకు మా 1,800, బడివారి వంతులో పింఛనునకు పోగా 550 చేరుచున్నవి. 2024–25లో ఇచ్చిన 8.25 వడ్డీయే నిలిచినచో అది 13 లక్షలగును.

గ్రాట్యుటీని గూర్చి ఒక మాట విడిగా చెప్పవలెను. ఏలయన మా వీథిలో పలువురు ఉపాధ్యాయుల భార్యలు దాని పేరే వినలేదు. ఉపాధ్యాయులు దానికి అర్హులు కారని ఒకప్పుడు తీర్పు వచ్చియుండెను. 2009లో చట్టమును సవరించి, 1997 ఏప్రిలు 3వ తేదినుండి వర్తించునట్లు వారిని చేర్చిరి. ప్రైవేటు బడుల యాజమాన్యములు దానిపై న్యాయస్థానములకు పోగా 2022 ఆగష్టులో సుప్రీముకోర్టు ఉపాధ్యాయుల పక్షముననే నిలిచినది. నెల జీతమును 26చే భాగించి, 15చే హెచ్చించి, సర్వీసు సంవత్సరములచే మఱల హెచ్చింపవలెను. మా వారికి అప్పటికి 20 ఏండ్ల సర్వీసు నిండును. ఆనాటి మూలవేతనము 26,000 అని తక్కువగనే యనుకొన్నను 3 లక్షలు వచ్చును. నియామకపత్రమును, జీతపు చీటీలను భద్రపఱచుకొనని వారు ఈ పత్రిక మూసిన వెంటనే వెదకుకొనుడు.

55 ఏల, 50 ఏల కాదని యడుగవచ్చును. భవిష్యనిధి పింఛను 58 ఏండ్లకు పూర్తిగా వచ్చును. 50 దాటినవారు ముందు కోరినచో ఏటికి నూటికి 4 చొప్పున తగ్గించి యిత్తురు. మా లెక్క ప్రకారము 58కి 4,285 రావలసినది 55కి 3,790 అగును. పోస్టాఫీసులోని సీనియరు సిటిజనుల పొదుపు పథకము 60 నిండినవారిదైనను, ఉద్యోగము విరమించినవారు 55 నిండినచో విరమణ సొమ్మును అందు వేయవచ్చును. 2025లో దాని వడ్డీ 8.2. భవిష్యనిధి, గ్రాట్యుటీ కలిసి 16 లక్షలు అందు వేసినచో నెలకు 10,930 పడును. తక్కిన 15 లక్షలను నెలసరి ఆదాయపు పథకమున ఇరువురి పేర వేసినచో 7.4 చొప్పున 9,250. పింఛనుతో కలిపి సుమారు 24,000. ఈ వడ్డీలన్నియు అప్పటికిని ఇట్లే యుండుననుకొన్న లెక్క యిది.

కావలసినది 43,000, రానున్నది 24,000. కోరిక తీరదని పుస్తకము మూయబోయితిమి. అప్పుడు మా యింటివారు పెన్సిలుతో ఒక్క పద్దును మాత్రము కొట్టివేసిరి. అది ఇంటి యద్దె. నేటి తొమ్మిదివేలే ఆనాటికి 20,350 అగును. అది తీసివేసినచో కావలసినది 22,600 మాత్రమే. భువనగిరికి ఆవల వారి యూర పెంకుటిల్లు ఒకటి కలదు. ఉప్పలు రింగురోడ్డునొద్ద బస్సెక్కినచో పూటలోపల చేరవచ్చును.

ముందుగా విరమించుట యనగా ధనమును కూడబెట్టుట యని యింతవఱకు తలంచితిమి. నాచారమును విడుచుట యని ఆ పెన్సిలు గీతతో తెలిసినది. పదునాలుగేండ్ల వెనుక క్రొత్తకోడలుగ వచ్చి కాపురము పెట్టిన చోటిది. మా పద్యముల పిల్లలిక్కడి వారు. వైద్యమునకు ఈ.యస్.ఐ. ఆసుపత్రియు నాచారముననే యున్నది. అయిదేండ్లు బీమాలో నుండి విరమించినవారికి ఏటికి 120 రూపాయలకే దంపతులకిరువురకు వైద్యము నిచ్చు నియమము కలదు. కాని 2017నుండి ఈ.యస్.ఐ. జీతపు హద్దు 21,000. మా వారి జీతము మఱియొక 501 రూపాయలు పెరిగినచో ఆ నీడ తప్పును! జీతము పెరుగకుండవలెనని ఏ యిల్లాలు మ్రొక్కుకొనును? అందుచే దానిని లెక్కలో వేయక, ఆరోగ్య బీమాకై పండుగల పద్దునుండి నెలకు 700 తీసితిమి. ఈ దసరాకు చీరలు లేవు.

నీ యిష్టము లేనిదే కదలనని వారనిరి. ఏమియు బదులు చెప్పలేదు. గొంతు సరిపడినది గాని, సాయంకాలమునకు నేటికిని జీర వచ్చుచున్నది. ట్యూషను పిల్లలకు లెక్క చెప్పుచు మధ్య మధ్య పలకమీద వ్రాసి చూపుచున్నారు.

పోయిన ఆదివారము ఇరువురమును ఆ యూరికి వెళ్లితిమి. పడమటి గోడ బీటలు వాఱినది, వంటింటి పెంకులు సగము లేవు, బావి యెండలేదు. పోవునప్పుడు వచ్చునప్పుడు మా ఛార్జి డబ్బాలోనికి చేరినది. మఱునాడు లెక్కల పుస్తకమున క్రొత్త పద్దొకటి మా చేతితోనే వ్రాసితిమి: ఊరియింటి మరమ్మతు, నెలకు 200.