క్రీడాభిరామము - గుణదోషములు

ఓరుగల్లు కోటలో నేడు తోరణములు నిలిచియున్నవి. నాటి వీథులు లేవు. ఆ వీథులలో నొక పగలు తిరుగవలెనన్నచో క్రీడాభిరామమే దిక్కు. 15వ శతాబ్దిలో వినుకొండ వల్లభరాయని పేర వెలసిన యీ వీథీరూపకమును (కర్త శ్రీనాథుడే యనువారును గలరు) మానవల్లి రామకృష్ణకవి 1909లో ప్రకటించెను.

నేటి యువకులు కంప్యూటరు తెరపై ఆడు చిత్రకథాక్రీడలలో వలె, మంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రుల వెంట మనమును దృశ్యము తరువాత దృశ్యము చూచుచు నడతుము. రూకకు లభించు పూటకూటి భోజనము, కోడిపందెము, పలనాటి వీరగాథాగానము, ప్రతాపరుద్రుని ప్రియురాలగు మాచల్దేవి చిత్రశాల! 1323లో పతనమైన కాకతీయ రాజధాని కన్నులకు గట్టును. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వ్రాసిన సురవరం ప్రతాపరెడ్డి కిది యెంతగా నుపకరించెనో ఉపాధ్యాయు లెఱుగుదురు.

కాని కథ బహు పలుచన. వింతలు చూచుట తప్ప మిత్రులకు వేఱు పని కనబడదు. స్త్రీ యెదురైనంతనే వర్ణన మొకే దారి పట్టును. శృంగారమును నేను తప్పుపట్టను. ఆ స్త్రీలలో పెక్కురకు కవి మనసు నీయలేదనియే నా యాక్షేపణ. తరగతిలో కొన్ని పద్యములు విడువవచ్చును, గ్రంథమునే విడుచుట తగదు.

దీనికి మూలమగు రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము మనకు దక్కలేదు. కావున నీ గుణదోషములలో మూలకర్త పాలెంతయో, తెలుగుకవి పాలెంతయో విడదీయుట సాధ్యము గాకున్నది.